ఎక్కడ చెడిందో చెప్పబ్బాయ్

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

'జస్టిస్ లీగ్' అనే హాలీవుడ్ సూపర్‌హీరోల సినిమా మీద కావలి నుంచి నువ్వు పంపిన సమీక్ష చదివాను. ఇంత పాత సినిమా ఇప్పుడెందుకని అడగను. సమీక్ష నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. కథ ఒకటే, నటులు వాళ్ళే, సినిమాలు మాత్రం రెండు. 2017 నవంబరులో థియేటర్లకొచ్చింది 120 నిమిషాలు. 2021 మార్చిలో దర్శకుడు జాక్ స్నైడర్ తన కూర్పుతో బయటపెట్టింది 242 నిమిషాలు. నువ్వేమో మొదటిదొక్కటే చూసి, 'కథ లేదు, విలన్ వేస్ట్, గ్రాఫిక్స్ వీక్' అని మూడు ముక్కల్లో తేల్చేశావు. మూడూ నిజమే. ఒక్కదానికైనా రుజువు చూపించుండావా?

విలన్‌తో మొదలుపెట్టు. స్టెపెన్‌వుల్ఫ్ మదర్ బాక్సులనే మూడు మహాశక్తి పెట్టెల కోసం భూమ్మీదికొస్తాడు. అవి కలిస్తే భూమి నాశనం. సరే, దాంతో వాడికేం ఒరుగుతుంది? 2017 సినిమాలో దీనికి గట్టి జవాబు లేదు. 2021 దాంట్లో వాడు తన యజమాని డార్క్‌సైడ్‌కి బాకీపడ్డ మనిషి. ఇంకో యాభై వేల లోకాలు గెలిచిస్తేగానీ ఇంటికి రానివ్వరు. రొయ్యల చెరువుల్లో దెబ్బతిని, బాకీలకు భయపడి ఊరికి మొహం చూపించలేనోడు మన జిల్లాలో ఏ ఊళ్ళో లేడు? ఆ ఒక్క బాకీతో విలన్ మనకు అర్థమవుతాడు. 'వేస్ట్' అనే మాట కొట్టేసి ఈ తేడా రాయి.

'కథ లేదు' అన్నావు. కథ ఉంది, చోటు లేదు. ఆక్వామాన్, ఫ్లాష్, సైబోర్గ్ అనే ముగ్గురు హీరోలకీ అప్పటికి సొంత సినిమాలు రాలేదు. ముగ్గుర్నీ పరిచయం చెయ్యాలి, చచ్చిన సూపర్‌మాన్‌ని లేపాలి, యుద్ధం గెలవాలి, అంతా రెండు గంటల్లో. ఎక్కువ నష్టపోయింది సైబోర్గ్. వాడి ఫుట్‌బాల్ మ్యాచ్, తల్లిని పోగొట్టుకున్న ప్రమాదం, తండ్రి మీద కోపం 2021 దాంట్లో వివరంగా ఉండాయి, మొదటిదాంట్లో కత్తిరించేశారు. అందుకే చివర్లో పెట్టెల్ని విడదియ్యడానికి వాడు ప్రాణం పణంగా పెట్టినా మనకేమీ అనిపించదు. విసుగు పుట్టేది క్లైమాక్స్‌లో, తప్పు జరిగింది గంట ముందు. ఏ సినిమాకైనా ఇట్టే వెనక్కి నడిచి వెతుకు.

గ్రాఫిక్స్ సంగతికొస్తే, 'బడ్జెట్ సరిపోలేదేమో' అని రాశావు. అప్పటిదాకా వచ్చిన సినిమాల్లో బాగా ఖరీదైనవాటిలో ఇదొకటి. మొదటి సీన్ మళ్ళీ చూడు: పిల్లలు ఫోన్‌లో తీస్తుంటే సూపర్‌మాన్ మాట్లాడతాడు. పైపెదవి మీదే చూపు పెట్టు. అక్కడ చర్మం బిగుసుకుపోయినట్టుంటుంది, నవ్వు బుగ్గల దాకా ఎక్కదు. స్నైడర్ మధ్యలో తప్పుకున్నాక జాస్ వీడన్ అనే ఇంకో దర్శకుడు రీషూట్లు చేశాడు. అప్పటికి సూపర్‌మాన్ వేసిన హెన్రీ కావిల్ వేరే సినిమా కోసం మీసం పెంచుండాడు, ఆ నిర్మాతలు తీయనివ్వలేదు. దాన్ని కంప్యూటర్లో చెరిపారు. మనిషి మొహాన్ని మన కన్ను పుట్టినప్పట్నుంచీ చదువుతుంటుంది, చిన్న తేడా వచ్చినా పట్టేస్తుంది. రాక్షసుడి గ్రాఫిక్స్‌కి అంత పట్టింపు ఉండదు.

మీసం కథ రెండు వాక్యాలు దాటనివ్వబాకు. టికెట్ కొన్నోడికి తెరమీద కనిపించేదే లెక్క.

చివరి యుద్ధం దగ్గర ఆకాశమంతా ఎర్రగా ఉంటుంది, మధ్యలో ఒక రష్యన్ కుటుంబం భయపడుతూ కనిపిస్తుంటుంది. వాళ్ళెవరో మనకు తెలియదు. 2021 దాంట్లో ఆ కుటుంబమే లేదు, లేని లోటూ తెలియదు. అట్టని పొడుగుదాన్ని నెత్తికెత్తుకోబాకు. స్లో మోషన్ మితిమీరింది, కథ అయిపోయాక తగిలించిన ఎపిలోగ్ నా లెక్కన బరువే.

ఇక పని చేసే తీరు. మొదటిసారి కాగితం పట్టుకోకుండా చూడు. రెండోసారి విసుగొచ్చిన నిమిషం మాత్రం రాసుకో. కథ నాలుగు వాక్యాల్లో ముగించు. తెలుగు డబ్బింగ్‌లో చూసుంటే ఆ మాట ముందే చెప్పు, చప్పబడ్డ జోకుని దర్శకుడి ఖాతాలో వెయ్యబాకు. అసలు డైలాగు ఏందో ఒకసారి సరిచూసుకో.

తిరగరాసి ఆదివారంలోపు పంపు. టైటిల్ మాత్రం మార్చబ్బాయ్, 'హీరో కాదు జీరో' అని ఇప్పటికి ఎంతమంది పెట్టుంటారో.