వేడి సముద్రపు బ్యాక్టీరియా, జీనోమ్ చదువు: కడప నుంచి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి కడపలో బీఎస్సీ మైక్రోబయాలజీ మూడో ఏడు. సముద్రం అడుగున వేడి ఊటల్లో బతికే బ్యాక్టీరియా జీనోమ్ సీక్వెన్సింగ్ (మొత్తం డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదవడం) చేస్తానంటోంది. ఇక్కడి నుంచి అయ్యే పనేనా? బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. డేటా, సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితం. 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుంటే చాలు, బ్యాక్టీరియా జీనోమ్ చిన్నది. ఇటలీ వల్కానో దీవి దగ్గర వేడి సముద్రపు మట్టిలో దొరికిన థెర్మోటోగా మారిటిమానే చూడండి. 80 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. 1999లో ప్రచురించిన దాని జీనోమ్ సుమారు 18.6 లక్షల బేసులు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు. వంద రెట్ల కవరేజీకి, అంటే ప్రతి బేసునూ సగటున వందసార్లు చదవడానికి, 18.6 కోట్ల బేసులు చదవాలి. యంత్రం ఒక్కసారి చదివే ముక్కను రీడు అంటారు. 150 బేసుల జంట రీడ్లయితే 6.2 లక్షల జంటలు. ఈ లెక్క కాగితం మీద వేయలేకపోతే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఏం ఆదుకోదు.

అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వారి ఉచిత సీక్వెన్స్ భండారం ఎస్‌ఆర్‌ఏ నుంచి ఏదైనా థెర్మోఫైల్ (వేడిలో బతికే జీవి) ముడి రీడ్లు దించుకోమనండి. ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఫాస్ట్‌పీతో రీడ్లు శుభ్రం చేసి, స్పేడ్స్‌తో అతికించి, చెక్‌ఎమ్2తో నాణ్యత పరీక్షించి, ప్రొక్కాతో జన్యువులు గుర్తించాలి. బ్యాక్టీరియా జీనోమ్ సాధారణంగా వలయంలా ఉంటుంది. కానీ మొదటిసారి ఒక్క వలయం రాదు, పదుల ముక్కలొస్తాయి. రీడు కన్నా పొడవైన పునరావృత భాగాన్ని స్పేడ్స్ దాటలేదు మరి. నానోపోర్ లాంటి యంత్రాల పొడవు రీడ్లు, వాటిని అతికించే ఫ్లై సాఫ్ట్‌వేర్ కలిస్తే చాలాసార్లు వలయం మూసుకుంటుంది. జీనోమ్ ఉండాల్సినదానికన్నా బాగా పెద్దదిగా వస్తే వేరే జీవి డీఎన్‌ఏ కలిసిందేమో చూడాలి.

బెంచ్ పని, అంటే ల్యాబులో చేతులతో చేసే ప్రయోగాలు, వదలొద్దు. మారిటిమాకు ఆక్సిజన్ గిట్టదు, మామూలు కాలేజీ ల్యాబులో పెరగదు. కంపోస్టు నుంచి 60 డిగ్రీల్లో పెరిగే బ్యాసిల్లస్ జాతులు చాలు. ఆ వేడికి బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లు ఎండిపోతాయి కాబట్టి, వాటిని గట్టిపరిచే అగార్ 2.5 నుంచి 3 శాతం వేసి, పాలిథిన్ కవర్లో పెట్టాలి. డీఎన్‌ఏ తీసేటప్పుడు వోర్టెక్స్ చేస్తే (యంత్రంతో గట్టిగా గిలక్కొడితే) పోగులు తెగి పొడవు రీడ్లు రావు. కాంతి శోషణతో కొలిచే నానోడ్రాప్ యంత్రం ఆర్‌ఎన్‌ఏను కూడా డీఎన్‌ఏ లెక్కలోనే కలిపేస్తుంది, అందుకే డీఎన్‌ఏకే అంటుకునే రంగుతో కొలిచే క్యూబిట్‌ వాడాలి. శుద్ధత చెప్పే కాంతి శోషణ నిష్పత్తుల్లో 260/280 నిష్పత్తి 1.8 దగ్గరున్నా, 260/230 రెండుకు బాగా తగ్గితే లవణాలో ఇంకేదో మలినమో మిగిలినట్టే.

వేడి తట్టుకునే జీవికి జీసీ శాతం (డీఎన్‌ఏలో జీ, సీ అనే బేసుల వాటా) ఎక్కువుండాలని చాలామంది పిల్లలు రాసేస్తారు. మారిటిమాలో అది 46 శాతమే!

డిగ్రీ తరువాత పీజీ ప్రవేశ పరీక్షలు ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ, గాట్-బీ, సీయూఈటీ పీజీ రాయొచ్చు. జామ్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కూడా ఉంటాయి. బయాలజీ పిల్లలు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. ఏపీ పీజీసెట్ ద్వారా మీ ఊళ్లోని యోగి వేమన విశ్వవిద్యాలయం కూడా మంచి దారే.

సముద్రపు పరిశోధన అంటే గోవాలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ), ఎన్‌సీపీఓఆర్ (ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం), చెన్నైలో ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ). పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ దాకా చదవాల్సి వస్తుంది. ఇదే నైపుణ్యానికి హైదరాబాద్, బెంగళూరు సీక్వెన్సింగ్ ల్యాబుల్లో, రోగనిర్ధారణ సంస్థల్లో కూడా పని దొరుకుతుంది. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, అంతకు ముందే ఇంటర్ గణితం ఒకసారి తిరగేయించండి.