ఆ గోడ మీద ఫొటోలు ఎవరి కోసం, అమ్మా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్‌లో 968 మార్కులు. వంట, ముగ్గులు, మాటతీరు, అన్నిట్లో ముందుండే పిల్ల. బతుకమ్మ పేర్చినా మా వాడకట్టులో తనదే బాగుంటుంది. కలెక్టర్‌ని చేయాలని మా కోరిక. స్ఫూర్తిగా ఉంటుందని మహిళా ఐఏఎస్‌ల ఫొటోలు తన గదిలో అంటించాను, రోజూ వాళ్ల ఇంటర్వ్యూలు చూపిస్తున్నాను. మూడు నెలలుగా సరిగా తినడం లేదు. చిన్న మాటకే ఏడుస్తోంది. పుస్తకం ముట్టడం లేదు. హైదరాబాద్‌లో ఐఏఎస్ కోచింగ్‌తో కలిపి డిగ్రీ చెప్పే కాలేజీకి మార్చాలా? ఇక్కడే పూర్తి చేయించి రాష్ట్ర ప్రభుత్వ గ్రూప్-1 ఉద్యోగాల వైపు పంపాలా? బాబు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, నాలుగు సబ్జెక్టులు మిగిలాయి. వాడి గురించి బెంగ లేదు.
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాలుగు సబ్జెక్టులు తప్పిన కొడుకు గురించి బెంగ లేదు. 968 తెచ్చుకున్న బిడ్డ గురించి ఇంత పెద్ద ఉత్తరం. బాబు గదిలో ఎవరి ఫొటోలు అంటించారు? వాడికి రోజూ ఎవరి ఇంటర్వ్యూ చూపిస్తున్నారు? వాడికి వంట వచ్చో రాదో రాయలేదు, మాటతీరు ఎలా ఉంటుందో రాయలేదు. కోపం తెచ్చుకోకండి. ఈ మాట మీతో ఎవరో ఒకరు అనాలి.

కాలేజీ సంగతి ముందే చెప్పేస్తాను. మార్చకండి. పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది, అది వదిలేద్దాం. డిగ్రీతో పాటే ఐఏఎస్ అనే ఈ కోర్సుల మీద మాత్రం నాకు ఎన్నాళ్ల నుంచో అనుమానం ఉంది. ఇంటర్ అయిందో లేదో పిల్లల్ని చేర్చుకుంటున్నారు, కొన్ని చోట్ల ఇంటర్‌లోనే మొదలుపెడుతున్నారు. ఆ వయసు పిల్లకి ఏ సబ్జెక్టు ఇష్టమో ఇంకా తనకే తెలియదు. మూడేళ్లు డిగ్రీ పేరుకే ఉంటుంది, చదివేదంతా కోచింగ్ నోట్సు. చుట్టూ ఉన్న స్నేహితులందరూ అదే పరుగులో ఉంటారు. మొదటి ప్రయత్నం రాసే నాటికే అలిసిపోయిన అమ్మాయిలను నా ఎదురుగా కుర్చీలో చూశాను. చేతిలో డిగ్రీ ఉంటుంది గానీ, అందులో ఏం చదివారో అడిగితే చెప్పలేరు.

ఆ కాలేజీ వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ఐదేళ్ల కింద మీ దగ్గర చేరిన బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లంతా ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఫ్లెక్సీ మీద ఉన్న ఒకరిద్దరి సంగతి కాదు, అందరి సంగతీ చెప్పమనండి. సూటిగా జవాబు రాకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఐఏఎస్‌లను ఎంపిక చేసే సివిల్స్ 2024లో మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,83,213 మంది. చివరికి ఎంపికైంది 1,009 మంది, అందులో మహిళలు 284. ఐఏఎస్ పోస్టులు 180. ఈ అంకెలు మీ బిడ్డని భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ కోసం చెప్తున్నాను. ఆ లిస్టులో మన వరంగల్ అమ్మాయి సాయి శివానికి 11వ ర్యాంకు వచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు నా ఫోన్ ఆగలేదు. చేసినవాళ్లందరూ తల్లులే, ‘మా పిల్లని కూడా’ అంటూ. అదే లిస్టులో మొదటి ర్యాంకు శక్తి దూబేది. అది ఆమె ఐదో ప్రయత్నం. అంతకుముందు నాలుగుసార్లు రాలేదు. ఆ నాలుగుసార్లూ ఆమె ఫొటో ఎవరి ఇంటి గోడ మీదా లేదు. మీరు బిడ్డకి చూపిస్తున్నది ఐదోసారి ఫొటో, కోరుతున్నది మొదటిసారే.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే చైనా అమ్మాయి వూ యు చేతిలో ఓడిపోయింది. ఆ బరువులో స్వర్ణం చివరికి వూ యుకే వెళ్లింది. నిఖత్ గెలిచిన వీడియోలు మీ పాపకి చూపించే ఉంటారు. ఓడిన రోజు సంగతి ఎప్పుడైనా ఇంట్లో మాట్లాడుకున్నారా?

ఈ తప్పు నేనూ చేశాను. ఏటా మార్చి 8న కాలేజీల్లో మాట్లాడమని పిలుస్తారు. రుద్రమదేవితో మొదలుపెట్టి ఈ ఏడాది ర్యాంకర్ల దాకా పేర్లు చదివేదాన్ని. చప్పట్లు బాగా వచ్చేవి. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, ‘మేడమ్, వీళ్లతో పాటు రాసి రాని వాళ్లు ఇప్పుడు ఎట్లున్నారు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఆ జాబితా చదవడం మానేశాను. రుద్రమదేవి కథ కూడా మనం సగమే చెప్తాం. ఓరుగల్లును ఏలిన ఆమెకే శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడు వందల ఏళ్లు దాటాయి. ఇప్పటికీ మన ఇళ్లలో ఆడపిల్ల బాగా చదివితే సరిపోదు, ఇంకేదో చేసి చూపించాలి.

పోయినేడు పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తన టైమ్‌టేబుల్ నా ముందు పెట్టింది. పెద్ద చార్టు, స్కేలుతో గీసిన గళ్లు, నాలుగు రంగుల స్కెచ్‌లు. పొద్దున నాలుగున్నరకి లేవడం, పేపరు, పది గంటల చదువు. దాని కింద ‘అమ్మకు వంటలో సాయం’. దాని కింద ‘స్వీట్లు తినలేదు’. ఇంకా కింద ‘నాన్నకు ఎదురు మాట్లాడలేదు’, ‘కోపం రాలేదు’. రోజుకో టిక్కు. ఎక్కడైనా టిక్కు పడకపోతే దాని మీద వైట్‌నర్ పూసి, ఆరాక టిక్కు పెట్టింది. కోపం రాలేదు అన్న వరుసలో వైట్‌నర్ మందంగా పేరుకుపోయి వేలికి తగులుతోంది. పద్దెనిమిది రోజులు అలా నడిచింది. పంతొమ్మిదో రోజు నుంచి చార్టంతా ఖాళీ.

‘ఏమైంది బిడ్డా?’ అన్నాను. ‘ఒక్కరోజు లేవలేకపోయిన మేడమ్, ఇంక మొత్తం పోయినట్టే కదా’ అంది.

మీ పాప పుస్తకం ముట్టకపోవడం ఇలాంటిదే కావచ్చు. చదివితే తప్పులు బయటపడతాయి. చదవకపోతే 968 అలాగే ఉంటుంది. దీన్ని బద్ధకం అనకండి. అన్నిట్లో ముందుండే పిల్ల అని పదేళ్లుగా పొగిడారు. ఒక్కదాంట్లో వెనకబడితే ఇంట్లో తన చోటు ఏమవుతుందో అని ఆ బిడ్డ భయపడుతోంది. ఆ భయం పోగొట్టాల్సింది మీరే, ఏ కోచింగ్ సెంటరూ పోగొట్టలేదు.

గ్రూప్-1 గురించి అడిగారు. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకేజీతో రద్దయింది, రెండోసారి హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చి మళ్లీ మొదటి నుంచి పెట్టారు. దాన్నే నమ్ముకుని కూర్చున్న పిల్లలు ఎంత నలిగిపోయారో నేను దగ్గరుండి చూశాను. కాబట్టి సివిల్స్ అయినా గ్రూప్-1 అయినా, పక్కన ఇంకో దారి ఉండాలి. కాకతీయ యూనివర్సిటీలో పీజీ, బీఈడీ, బ్యాంకు పరీక్షలు, ఏదైనా సరే, తనకి నచ్చింది. ఇప్పటికి డిగ్రీ ప్రశాంతంగా పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత సివిల్స్ రాయాలని తనకే అనిపిస్తే అప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు. సివిల్సా, గ్రూప్-1ఆ అని నన్ను అడిగారు. అది తేలాల్సింది మీ పాప నోటి నుంచి. ఆమెకి ఏం కావాలో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. మూడు నెలలుగా తినకపోవడం, ఏడవడం తేలిగ్గా తీసుకోవద్దు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికైనా తీసుకెళ్లండి. చుట్టాలు ఏమనుకుంటారో అని ఆగకండి. జ్వరం వస్తే ఆగుతారా?

ఫొటోల సంగతి. మీరు అంటించారు కాబట్టి మీరే పీకేయాలని అనడం లేదు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని పాపనే అడగండి. అన్నీ తీసేస్తానంటే తీసేయనివ్వండి, కారణం అడగకండి. ఈ వారం వంటింట్లో సాయం చేసే పని బాబుకి అప్పగించండి. తనకి మాట్లాడాలనిపిస్తే నా దగ్గరికి రమ్మనండి, నేను శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటాను. మీరు కిందే కూర్చోండి అమ్మా, పాపని ఒక్కదాన్నే పైకి పంపండి.