పంపు సక్షన్‌కు ఏ రెడ్యూసర్?

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో అడ్డంగా వస్తున్న 6 అంగుళాల ఉక్కు నీటి పైపును పంపు 4 అంగుళాల సక్షన్‌కు (నీటిని లోపలికి లాక్కునే ముఖానికి) కలపాలి. ఎలాంటి రెడ్యూసర్ (పెద్ద పైపును చిన్నదానికి కలిపే ముక్క) వాడమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీకు కావలసింది ఒకవైపు చదునుగా ఉండి, మరోవైపు వాలుగా సన్నబడే ఎక్సెంట్రిక్ రెడ్యూసర్, దాని చదునైన వైపు పైకి ఉండేలా అమర్చాలి. చుట్టూ సమానంగా సన్నబడే కాన్సెంట్రిక్ రకాన్ని అడ్డంగా పెడితే, పెద్ద పైపు పైభాగాన గాలి చేరి, అది విడతలు విడతలుగా పంపులోకి పోతూ ప్రవాహాన్ని దెబ్బతీస్తుంది; నిలువు పైపులకైతే ఆ రకమే చక్కగా సరిపోతుంది. ఆవిరి పైపుల్లో మాత్రం చదునైన వైపు కిందికి ఉండాలి, లేకపోతే ఆవిరి చల్లబడి ఏర్పడిన నీరు అక్కడే నిలిచిపోతుంది.

కొనేటప్పుడు అంగుళాలు మాత్రమే చెప్పి ఊరుకోకండి. 6 అంగుళాల పైపు బయటి వ్యాసం నిజానికి 168.3 మి.మీ., 4 అంగుళాలది 114.3 మి.మీ.; షెడ్యూల్ (గోడ మందాన్ని తెలిపే ప్రామాణిక సంఖ్య) 40లో గోడ మందం వరుసగా 7.11, 6.02 మి.మీ. ఉంటుంది. ప్రతి చివరా పైపు మందం, రెడ్యూసర్ మందం కలవకపోతే వెల్డింగ్ దగ్గర లోపలి వైపు మెట్టు మిగులుతుంది కాబట్టి, రెండు చివరల షెడ్యూలూ, ఉక్కు గ్రేడూ ఆర్డరులో రాసి ఇవ్వండి. మరలున్న బుష్‌తో సరిపెట్టమని కొందరు సలహా ఇస్తారు గానీ, ఈ సైజుకు, పంపు దగ్గరి అదురుకు అది నాకు సమ్మతం కాదు. వెల్డింగ్ రెడ్యూసరే వేయించి, పంపు వైపు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే గుండ్రటి అంచు) పెట్టించండి. మరమ్మతుకు విప్పడం తేలికవుతుంది.