బీటెక్ ఫస్టియర్ పుస్తకాలన్నీ కొనాలా?

తమ్ముడూ, విజయనగరంలో బీటెక్‌లో చేరుతున్నానని, సీనియర్ ఇచ్చిన పుస్తకాల లిస్టు మొత్తం కొనాలంటే ఇంట్లో అడగడానికి మొహమాటంగా ఉందని రాశావు. అడగక్కర్లేదు. క్లాసులు మొదలయ్యేదాకా ఒక్కటీ కొనకు. నేనూ శ్రీకాకుళం నుంచి వెళ్లి విజయనగరంలో గది తీసుకుని చదివినవాణ్ణే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా పుస్తకాల ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

ముందు మీ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ గురజాడ సిలబస్ డౌన్‌లోడ్ చేసుకో. ఒక్కో సబ్జెక్టుకు ఐదు యూనిట్లు, చివర్లో టెక్స్ట్ బుక్స్, రిఫరెన్స్ బుక్స్ అని రెండు జాబితాలు ఉంటాయి. రిఫరెన్స్ జాబితాని లైబ్రరీకి వదిలెయ్. టెక్స్ట్ బుక్‌ని లైబ్రరీలోనే తీసి, విషయసూచిక పక్కన సిలబస్ పెట్టి చూడు. నాలుగైదు యూనిట్లు అందులో దొరికితే కొనే సంగతి ఆలోచించు. రెండే దొరికితే ఆ రెండు చాప్టర్లకీ నోట్సు రాసుకుంటే చాలు.

మ్యాథ్స్ మాత్రం సొంతానికి ఉండాల్సిందే. లెక్కలు చేస్తూ పక్కన పెన్సిల్‌తో రాసుకోవాలి. పైగా పరీక్ష ముందు రాత్రి నీకు కావాల్సినప్పుడే లైబ్రరీ కాపీ ఇంకెవరి దగ్గరో ఉంటుంది. నా మ్యాథ్స్ పుస్తకం ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ ప్రిపరేషన్ దాకా పనికొచ్చింది. బ్రాంచ్ కోర్ సబ్జెక్టులదీ ఇదే లెక్క: సివిల్, మెకానికల్ వాళ్లకి మెకానిక్స్, ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) వాళ్లకి సర్క్యూట్స్. ఇంగ్లిష్, కెమిస్ట్రీ లాంటివి సెమిస్టర్‌తో సరి. సీ లాంగ్వేజ్‌కి రెండేసి పుస్తకాలు కొనేవాళ్లని చూశాను, ల్యాబ్‌లో మాత్రం కీబోర్డు ముట్టుకోరు!

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు అట్ట మీద రెగ్యులేషన్, అంటే ఏ బ్యాచ్ సిలబస్ ప్రకారం వేశారో చూడు. 2023 బ్యాచ్ నుంచి ఆర్23 వచ్చింది. ఆర్20 సిలబస్ ప్రకారం వేసిన పుస్తకంలో యూనిట్లు నీ సిలబస్‌తో కలవకపోవచ్చు, చవగ్గా ఇస్తామన్నా వద్దను. స్టాండర్డ్ టెక్స్ట్ బుక్ పాత ఎడిషన్‌తో ఈ గొడవ లేదు. లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ ఏ రెగ్యులేషన్‌లోనైనా అదే కదా. అట్ట చిరిగినా సరే, సగం ధరకి మించి మాత్రం ఇవ్వకు.

అన్ని సబ్జెక్టులూ ఒకేచోట ఇచ్చే ఆల్ ఇన్ వన్ గైడ్‌తో గట్టెక్కొచ్చు, కాదనను. సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్ పరీక్ష 70 మార్కులకి పాత ప్రశ్నలు చూసుకోవడానికి అది చాలు. కానీ ఎందుకలా అని ఎవరైనా అడిగితే అందులో జవాబుండదు. అలాంటి చోట ఎన్‌పీటీఈఎల్ వీడియోలు చూడు, ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, ఉచితం.

లైబ్రరీ కార్డు మొదటి వారంలోనే చేయించుకో, మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) దగ్గర పడితే మంచి కాపీలు మిగలవు. ఎస్సీ, ఎస్టీ అయితే పుస్తకాలు వాడుకోవడానికిచ్చే బుక్ బ్యాంక్ ఉందేమో లైబ్రేరియన్‌ని అడుగు. నోటీసు బోర్డు మీద పెడతారని ఎదురు చూడకు.