పద్నాలుగు ‘కోట్లు’ కాదు, ‘కోట్ల’

సందేహం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ప్రధాన సంఖ్యల మీద ప్రాజెక్టు రాస్తూ 2147483647 దగ్గర ఆగిపోయింది. దీన్ని ‘రెండు వందల పద్నాలుగు కోట్లు డెబ్భై నాలుగు లక్షలు...’ అని చదవాలా, ‘కోట్ల... లక్షల...’ అనాలా? ఇంకో మాట. ‘ప్రధాన’ అంటే ముఖ్యమైనది అని కదా, ఈ సంఖ్యలో అంత ముఖ్యమైనది ఏముంది?

సమాధానం: ముందు కామాలు పెట్టుకుందాం. కుడివైపు నుంచి మూడంకెలు వదిలి, ఆపైన రెండేసి: 2,14,74,83,647. ఇక చదవడం: రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. వెనక ఇంకా సంఖ్య ఉంటే ‘లు’ పోయి ‘ల’ వస్తుంది. అక్కడితో ఆగిపోతే ‘కోట్లు’, ‘లక్షలు’ అనే అంటాం. ‘పిల్లలు’ ‘పిల్లల బట్టలు’ అయినట్టే ఇదీ.

చదివింపుల్లో నూట పదహార్లు అంటాం కానీ ‘నూరు పదహార్లు’ అనం. అక్కడా ఇదే పని జరిగింది. నోరు – నోట, ఏరు – ఏట, నూరు – నూట. కోటి, లక్ష ఒక్కటే ఉన్నప్పుడు మాత్రం దారి వేరు: ‘కోటీ పది లక్షలు’, ‘లక్షా ఇరవై వేలు’. ఇక్కడి దీర్ఘం ‘అమ్మా నాన్నా’లో ఉన్నదే, రెంటినీ కలుపుతుంది. ఇవన్నీ బడిలో ఎవరూ చెప్పరు. అయినా కూరగాయల కొట్లో కూడా తప్పు పోదు. టీవీ వార్తల్లో ‘రెండు పాయింట్ ఒకటి నాలుగు బిలియన్లు’ విన్నప్పుడే నాకు చిరాకు. 214 కోట్లు అంటే అందరికీ తెలుస్తుంది కదా!

ఇక ‘ప్రధాన’. సంస్కృతంలో ‘ప్ర’ అంటే ముందు, ‘ధా’ అంటే ఉంచడం. ముందు ఉంచినదే ప్రధానం, ముఖ్యమైనది అనే అర్థం దాని నుంచి వచ్చిందే. గ్రీకులో పాతకాలపు గణితవేత్త యూక్లిడ్ వాడిన మాటకూ ‘మొదటిది’ అనే అర్థం. ఒకటి కంటే పెద్ద సంఖ్య ఏదైనా ప్రధాన సంఖ్యే అవుతుంది, లేదా ప్రధాన సంఖ్యల లబ్ధం అవుతుంది. కాబట్టి ఇవి మొదటివే. హిందీవాళ్లు ‘అభాజ్య’, కన్నడిగులు ‘అవిభాజ్య’, తమిళులు ‘పగా ఎణ్’ అంటారు. మూడింటికీ భాగించరానిది అనే భావం. తనతోనూ ఒకటితోనూ భాగింపబడే దాన్ని అలా అనడం కంటే మన మాటే నాకు నచ్చుతుంది.

మీ అమ్మాయి ఎంచుకున్న సంఖ్య మామూలుది కాదు. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది అదే. దీనికి వేరే కారణాంకాలు లేవని తేల్చాలంటే వర్గమూలం దాకా, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. దీనికి ప్రధాన కారణాంకం ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ఆయిలర్ అనే గణితవేత్త పట్టుకున్నాడు. దాంతో పని బాగా తగ్గింది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో తేల్చాడు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల కంప్యూటర్లకూ ఇదే హద్దు. 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది.

అన్నట్టు, మీరు ‘డెబ్భై’ అని రాశారు. పాత రూపం ‘డెబ్బది’ కాబట్టి నేను ‘డెబ్బై’ అనే రాస్తాను. ఒత్తు పెట్టి రాసేవాళ్లూ బోలెడుమంది ఉన్నారు కనుక, ఆ ఒక్కదానికి అమ్మాయి మార్కులు పోతాయని టెన్షన్ పడకండి.