వంజంగి ఎక్కేముందు ఆ ‘గ్యాస్’ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 56. మాది అనకాపల్లి. పదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా, టెల్మిసార్టన్ 40 పొద్దున ఒకటి వేసుకుంటాను. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. డిసెంబరు చివర్లో అబ్బాయి, కోడలు వంజంగి మేఘాల కొండకు తీసుకెళ్తామంటున్నారు. నడక కొద్ది దూరమే కానీ తెల్లవారుజామున చీకట్లోనే ఎక్కాలట. అంత ఎత్తులో ఆక్సిజన్ అందదేమోనని మావారికి టెన్షన్. ఎక్కేముందు నొప్పి మాత్ర వేసుకుంటే మోకాళ్లు సహకరిస్తాయా? షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఇంకొకటి, నాలుగైదు నెలలుగా మూడో అంతస్తుకు గబగబా ఎక్కితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అవుతోంది. దవడ దాకా లాగుతుంది. రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. అది గ్యాసే అనుకుంటున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటికన్నా, అడగకుండా చివర్లో రాసిన మాటే నన్ను ఆపేసింది. మోకాళ్ల గురించి, మాత్రల గురించి తర్వాత చెప్తాను. ముందు దీని సంగతి చూద్దాం.

మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేయడం, దవడకు పాకడం, నిలబడగానే తగ్గిపోవడం. ఈ మూడూ కలిసి వస్తే మేం మొదట అనుమానించేది గుండెనే. గుండె కండరానికి రక్తం అందించే నాళాలు సన్నబడితే, కూర్చున్నప్పుడు ఉన్న రక్తంతోనే సరిపెట్టుకుంటుంది. ఎత్తు ఎక్కినప్పుడు గుండె వేగం పెరిగి ఎక్కువ రక్తం కావాల్సి వస్తుంది, అది అందదు, పట్టేసినట్టు ఉంటుంది. ఆగితే అవసరం తగ్గుతుంది కాబట్టి నొప్పీ తగ్గుతుంది. దీన్ని ఏంజైనా అంటాం. గ్యాస్ వల్ల వచ్చే బాధ తిండితో, పడుకోవడంతో, త్రేన్పులతో ముడిపడి ఉంటుంది. సరిగ్గా మెట్లు ఎక్కినప్పుడే వచ్చి, నిలబడగానే పోయే అలవాటు దానికి ఉండదు. ఓపీలో ‘గ్యాస్ డాక్టర్ గారూ’ అనే మాట వినని రోజు లేదు. ఆ ఒక్క మాట నమ్మి నెలల తరబడి ఆగిపోయినవాళ్లను చూసి బాధపడుతూనే ఉంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పైగా మీకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, వయసు 56. పదేళ్ల షుగర్‌లో నరాలు మొద్దుబారి కొందరికి నొప్పి బాగా తక్కువగా తెలుస్తుంది. గుండె జబ్బు వట్టి ఆయాసం, చెమట, నీరసంగానే బయటపడుతుంది. ఆడవాళ్లలో ఇలా జరగడం ఇంకా ఎక్కువ. మీకు ఇంత స్పష్టంగా తెలుస్తోందంటే దాన్ని వదిలేయకండి.

ఈ వారంలోనే గుండె డాక్టరును కలవండి. ఈసీజీ, ఎకో తీస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా వచ్చినా గుండె బాగున్నట్టు కాదు. శ్రమ పడ్డప్పుడు ఏమవుతుందో చూడాలి. అందుకు ట్రెడ్‌మిల్ పరీక్ష, అదే టీఎంటీ చేస్తారు. మోకాళ్ల వల్ల ట్రెడ్‌మిల్ మీద నడవలేకపోతే మందు ఇచ్చి చేసే స్ట్రెస్ ఎకో ఉంది, సీటీ యాంజియోగ్రామ్ ఉంది. ఏది అవసరమో వాళ్లు చెప్తారు. ఈలోపు మెట్లు నెమ్మదిగా ఎక్కండి, బరువులు మోయకండి. కొండకు ప్రాక్టీసు పేరుతో నడక పెంచొద్దు. కూర్చున్నప్పుడు కూడా పట్టేసినా, మునుపటికన్నా తక్కువ శ్రమకే వస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పది నిమిషాలైనా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. సోడా తాగి చూద్దాం, కాసేపు పడుకుంటే తగ్గుతుందేమో అనుకోవద్దు.

ఇక మీవారి ఆక్సిజన్ భయం. వంజంగి సముద్ర మట్టానికి సుమారు 3400 అడుగుల ఎత్తు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 8000 అడుగులు దాటాకే మొదలవుతుంది. కాబట్టి అక్కడ గాలి చాలకపోవడం అనేది ఉండదు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. చలికాలంలో పాడేరు వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. దానికి తోడు ఖాళీ కడుపు, నిద్రలేని ప్రయాణం, సూర్యోదయం తప్పిపోతుందేమోనని కుర్రవాళ్లతో సమానంగా పరుగులాంటి నడక. సన్నబడిన నాళాలున్న గుండెకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. అక్కడ ఏదైనా అయితే అంబులెన్సు రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. కొండ మీది నుంచి దింపాల్సింది మనుషులే. ఏజెన్సీ గూడేల్లో నెలలు నిండిన తల్లులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. ఆ దారి మనకు సరదా కావచ్చు, అక్కడివాళ్లకు ఆస్పత్రికి వెళ్లే దారి అదే.

గుండె పరీక్షలు బాగున్నాయని డాక్టరు చెప్తే మాత్రం నిశ్చింతగా వెళ్లండి. డిసెంబరు చివరికి ఇంకా ఆరు వారాలుంది. ఆ పచ్చటి కొండల మధ్య తెల్లగా పరుచుకున్న మేఘాల మీద పొద్దు పొడవడం చూడాలన్న కోరిక మీకెంత ఉందో ఉత్తరంలో తెలుస్తోంది. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఒక్కో మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు సుమారు మూడు రెట్ల భారం పడుతుంది. ఆ భారాన్ని ఆపేది తొడ ముందు కండరం. అది బలంగా ఉంటే కీలుకు నొప్పి తగ్గుతుంది. అందుకని డాక్టరు సరేనన్న రోజు నుంచి రోజూ చేతులు పెట్టకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, పొద్దున, సాయంత్రం చేయండి. రెండో వారం నుంచి ఇంటి మెట్లు గోడ పట్టుకుని నెమ్మదిగా దిగడం కలపండి. కొండ మీద చేతికర్ర తప్పనిసరి, ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. మంచుకు తడిసిన మట్టి, రాళ్లు జారతాయి, చెప్పులతో ఎక్కకండి. షుగర్ ఉన్న కాళ్లకు కొత్త బూట్లు పనికిరావు, నెల రోజులు వేసుకుని అలవాటైనవే వేసుకోండి, దిగాక బూట్లు విప్పి పాదాలు చూసుకోండి.

నొప్పి మాత్ర వేసుకుని ఎక్కే ఆలోచన మానుకోండి. డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, గుండెకు మంచివి కావు. మీరు వేసుకునే టెల్మిసార్టన్‌తో పాటు అవి కలిసి, ఒంట్లో నీళ్లు కూడా తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి. పైగా నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. బీపీ మాత్ర మాత్రం రోజూ వేసుకునే వేళకే వేసుకోండి.

షుగర్ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో భయం లేదు, గ్లిమిపిరైడ్‌తోనే జాగ్రత్త. అది తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. నడకకు కండరాలు కూడా లాగేసుకుంటాయి. ఎక్కేముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. రెండు ఇడ్లీలో, అరటిపండో తినకుండా అడుగు వేయకండి. పొద్దుటి మాత్ర కిందికి దిగి టిఫిన్ చేసేటప్పుడు వేసుకోవచ్చు. ఈ మార్పు మీ షుగర్ డాక్టరుకు ముందే చెప్పి ఖరారు చేసుకోండి. దారిలో చేతులు వణికినా, చలిలోనూ చెమట పట్టినా, కంగారుగా ఉన్నా అది ఎక్కిన అలుపు అనుకోకండి. కూర్చుని షుగర్ చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చాక్లెట్‌లో కొవ్వుంటుంది, త్వరగా పనిచేయదు. చలికి గ్లూకోమీటర్ కూడా మొరాయిస్తుంది, స్వెట్టర్ లోపలి జేబులో పెట్టుకోండి.

నడక వేగం ఎంతో మీ మాటే చెప్తుంది. కోడలితో ఒక వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే నిలబడండి. పిల్లల్లో ఒకరు మీ వెనకే నడవాలి, ముందు కాదు.

తిరిగి వచ్చాక మూడు వారాల లోపు జ్వరం వస్తే వైరల్ జ్వరమని సరిపెట్టుకోవద్దు. ఏజెన్సీలో మలేరియా ఉంది, పొదల్లోని పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. దాని గుర్తుగా ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో చూసుకోండి. కొండకు వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటే చెప్పాలి.

పరీక్షల్లో నాళాలు మూసుకున్నట్టు తేలి, మందులో, స్టెంటో అవసరమైనా ఇక కొండలు లేవని కాదు. ఈ సంవత్సరం కాకపోతే కోలుకున్నాక, డాక్టరు సరేనన్నప్పుడు వెళ్లొచ్చు. పరీక్షలు డిసెంబరు లోపు పూర్తి కాకపోతే మాత్రం ఎక్కకండి. పిల్లలు ఎక్కి వచ్చేదాకా కింద వేడి టీ తాగుతూ కూర్చోండి.

గుండె డాక్టరు దగ్గరికి పాత ఈసీజీలు, షుగర్ పరీక్షల కాగితాలు, వేసుకునే మాత్రల చీటీ తీసుకెళ్లండి. అక్కడ గ్యాస్ అనే మాట ఎత్తకుండా, నాకు రాసినట్టే చెప్పండి: మూడో అంతస్తుకు ఎక్కితే ఛాతీ పట్టేస్తోంది, దవడ దాకా లాగుతోంది, రెండు నిమిషాలు నిలబడితే పోతోంది.