ఇంత ఎండ ఉండగా బొగ్గెందుకు?

ప్రశ్న: కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదండీ, ఇంకా బొగ్గు కాల్చడం దేనికి?

జవాబు: ఆ 1,000 మెగావాట్లు పగటి పూట మాటండీ. రాత్రి అందరూ ఏసీలు వేసే వేళకి ప్యానెళ్ల నుంచి వచ్చేది సున్నా, అసలు చిక్కంతా అక్కడే. పైగా సీమ ఎండ చూసి మురిసిపోతాం గానీ ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది, మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలకి కాగడం మామూలే. దుమ్ము కడగడానికి నీళ్లు, అదీ నీళ్లకి కటకటలాడే చోట! నంద్యాల జిల్లా పిన్నాపురంలో మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు ఆ రాత్రి చిక్కు తీర్చడానికే. ఆ ఎత్తిపోతల్లో ఐదో వంతు కరెంటు పోయినా సరే, నా ఓటు దానికే.